ఆరేళ్లుగా వాడుతున్న తుమ్మకట్టె చిత్రిక

కడపలో ఒక ముసలి ఆచారి పని మానేసి పనిముట్లు అమ్మేస్తుంటే, ఈ చిత్రికను 400 రూపాయలకు కొన్నాను. తుమ్మకట్టె దిమ్మె, రెండంగుళాల బ్లేడు, దాన్ని బిగించే చెక్క చీలిక. ఒక్క స్క్రూ కూడా లేదు. ఆరేళ్లలో రెండు పీటలు, పూజ మందిరం, మా అమ్మాయి చదువుకునే టేకు బల్ల దీంతోనే నున్నగా చేశాను.

మొదటి ఏడాది చాలా విసిగించింది. టేకు మీద పెడితే చాలు, పీచు లేచేది. పదును చాల్లేదనుకుని బ్లేడును సానరాయి మీద రుద్దుతూనే ఉన్నా. తీరా చూస్తే లోపం అడుగులో ఉంది. స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకు పెట్టి చూస్తే, నోటికి, అంటే బ్లేడు అంచు బయటికి వచ్చే సందుకు, సరిగ్గా ముందు గుంటపడి ఉంది. చెక్కను అదిమి పట్టాల్సింది ఆ భాగమే. అది ఆనకపోతే బ్లేడు కోసేలోపే పీచు చీలి పైకి లేస్తుంది.

ముందు వంటింటి కడప బండ మీద ఉప్పుకాగితం పరిచి రుద్దాను. కంటికి చదునుగానే ఉన్నా బండలో ఎత్తుపల్లాలున్నాయి. మందపాటి అద్దం తెచ్చాకే పని కుదిరింది. అడుగంతా పెన్సిలు గీతలు గీసి, అవన్నీ చెరిగేదాకా రుద్దాలి. బ్లేడును లోపలికి జరిపినా చీలికను మాత్రం బిగించే ఉంచాలి, ఆ బిగువుకు అడుగు కాస్త వంగుతుంది కాబట్టి. అడుగు అరిగేకొద్దీ నోరు వెడల్పవుతుంది. నాది అలాగే అయితే, నోటి ముందు గట్టి టేకు ముక్క అతికించి అరమిల్లీమీటరు సందు మిగిలేలా ఆకురాయితో సరిచేశాను. అప్పటినుంచీ ఉల్లిపొర లాంటి పొట్టు వస్తోంది, చెక్క మీద చేయి పెడితే చల్లగా జారుతుంది.

బ్లేడు సర్దడం చేతికి అలవాటు కావాలి. చిత్రికను తిరగేసి ముందువైపు నుంచి అడుగు వెంట చూస్తే బ్లేడు అంచు వెంట్రుకంత నల్లగీతలా కనిపించాలి. ఇంకాస్త దిగాలంటే బ్లేడు పైకొసన చిన్న సుత్తితో ఒక తట్టు. నేను గట్టిగా కొడుతుంటే ఆచారి ఆపి, "వెనక్కి రావాలంటే బ్లేడును కాదు నాయనా, కట్టె వెనకపక్క తట్టు" అన్నాడు. ఎటు సర్దినా చివరికి చీలికను ఒకసారి బిగించాల్సిందే.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. మే ఎండల్లో చీలికను బలంగా దిగ్గొట్టి అలాగే వదిలేశా. అక్టోబరు వానలకు కట్టె ఉబ్బి పక్క చెక్కకు పగులు వచ్చింది. ఫెవికాల్ పెట్టి బిగించి బతికించుకున్నా. ఇప్పుడు పని అయిపోగానే చీలిక వదులు చేస్తాను, అడుగుకు కొవ్వొత్తి రాస్తాను.

రోజుకు పదిసార్లు లోతు మార్చుకునేవాళ్లకు స్క్రూ ఉన్న ఇనప చిత్రికే మేలు. వేపచెక్కలో ముడులున్న చోట మాత్రం నాది ఇప్పటికీ తేలిపోతుంది. అక్కడ ఉప్పుకాగితమే వాడుతున్నాను.