అబ్జర్వేషన్ హోమా, ఇంటి దగ్గర ప్రొబేషనా: పిల్లవాడికి ఏది మేలు?

18 ఏళ్లు నిండని పిల్లవాణ్ని పోలీసులు పట్టుకుంటే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు విచారించే బోర్డు) ముందు హాజరుపరచాలి. అక్కడ మూడు దారులుంటాయి: అమ్మానాన్నలకు అప్పగించడం, బాధ్యత తీసుకునే మరో పెద్దకు అప్పగించడం, అబ్జర్వేషన్ హోంకు (విచారణ సమయంలో పిల్లల్ని ఉంచే వసతికి) పంపడం. మొదటి రెండూ బెయిలు దారులే: పిల్లవాడు ఇంటి దగ్గరుంటాడు, ప్రొబేషన్ అధికారి (ఇంటి పరిస్థితి చూసి బోర్డుకు చెప్పే అధికారి) గమనిస్తుంటాడు.

ఇంట్లో పెద్దదిక్కు ఉంటే మొదటిదే మేలని మా అభిప్రాయం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం మొగ్గు కూడా అటే. నేరం పెద్దదన్న ఒక్క కారణంతో, జమానతు (పూచీకత్తు) లేదన్న కారణంతో బెయిలు ఆపకూడదు. నేరస్థుల చేతిలో పడతాడనో, పిల్లవాడికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో బోర్డు అనుకుంటేనే ఆపాలి, కారణం రాయాలి. బెయిలు షరతు తీర్చలేక ఏడు రోజులు గడిస్తే, షరతు మార్చడానికి పిల్లవాణ్ని మళ్లీ బోర్డు ముందుకు తేవాలి. ఇది తెలియక పేద కుటుంబాలు జమానతుదారు కోసం తిరుగుతూనే ఉంటాయి.

అయితే మన దగ్గర ఈ దారికి అడ్డం పడేది వలస. నారాయణపేట, కోస్గి, దేవరకొండ తండాల నుంచి తల్లిదండ్రులు ముంబై, పుణె పనులకు పోతారు. పిల్లవాణ్ని వెంట తీసుకుపోతే వాయిదాలు తప్పుతాయి. ఊళ్లో ఒంటరిగా వదిలితే, ప్రొబేషన్ అధికారి వచ్చిన రోజు ఇంటికి తాళం కనబడుతుంది. ఇలాంటి ఇంటికి రెండో దారే మంచిది. మేనమామో అమ్మమ్మో ముందుకొస్తే, బోర్డు విచారించి ‘తగిన వ్యక్తి’గా గుర్తించి అప్పగించవచ్చు. వాయిదాకు ఎవరు తీసుకొస్తారు, రాత్రి ఇంట్లో ఎవరుంటారు, ఏ బడికి పోతాడు అన్నది ముందే తేల్చుకుని వెళ్లాలి. బడి మానేసి ఉంటే తెలంగాణ ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి చేరే ఆలోచన చెప్పినా బలమే.

రెండు వారాల్లో ప్రొబేషన్ అధికారి సామాజిక పరిశోధన నివేదిక (పిల్లవాడి ఇల్లు, పరిస్థితుల గురించి) ఇవ్వాలి. తండ్రి తాగుడు, ఇంటి అప్పు దాచకండి. తర్వాత బయటపడితే మిగతా మాటలనూ నమ్మరు.

హోం ఎప్పుడు సరైనది? పగతో అవతలివాళ్లు ఊళ్లో కాచుకుని ఉన్నప్పుడు, ఇంట్లో పెద్దలే దొంగతనాలకు పంపుతున్నప్పుడు. ఈ కారణాలు లేకుండా హోంకు పంపితే బడి తెగిపోతుంది, పెద్ద పిల్లల సావాసం అంటుకుంటుంది. హైదరాబాద్‌లోని సైదాబాద్ హోం నల్లగొండకైనా పాలమూరుకైనా సుమారు 100 కిలోమీటర్లు, చూసిరావాలంటే ఒక రోజు కూలి పోతుంది. పిల్లవాడికి కల్తీ కల్లు అలవాటుంటే హోంలో చేరిన మొదటిరోజే డాక్టరుకు చెప్పాలి. అందులో కలిపే ఆల్ప్రజోలం వంటి మత్తు మందులు ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు.

లాయరు విషయంలో అంత తర్జనభర్జన అక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరు పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం, నంబరు 15100. వయసు రుజువుకు ఆధార్‌ను నమ్ముకోవద్దు. బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం ముందు, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ పత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష.

బోర్డు ముందు మొదటిసారి హాజరుపరచిన తేదీని కాగితం మీద రాసిపెట్టుకోండి. మూడేళ్ల వరకు శిక్ష పడే చిన్న నేరమైతే, ఆ రోజు నుంచి నాలుగు నెలలు, పొడిగించిన రెండు నెలలు గడిచినా విచారణ తేలకపోతే కేసు అక్కడితో ముగిసిపోతుంది.