టెఫ్లాన్, సిరామిక్, గ్రాఫీన్ కలిపిన కార్ వ్యాక్స్‌లు: నాలుగేళ్లు వాడాక నా మాట

నల్ల కారు ఉన్నవాళ్లకు నా బాధ వెంటనే అర్థమవుతుంది. కడిగిన గంటకే దుమ్ము కనిపిస్తుంది, ఎండలోకి తెస్తే గుడ్డ తిప్పిన సన్నటి గీతలన్నీ సాలెగూడులా తేలతాయి. అందుకే నాలుగేళ్లుగా వ్యాక్స్ డబ్బాలు మారుస్తూ వచ్చాను. మొదట మామూలు కార్నౌబా (ఒక రకం తాటి ఆకుల నుంచి తీసే మైనం) పేస్టు, తర్వాత టెఫ్లాన్ కలిపిందని రాసి ఉన్నది, ఆ తర్వాత సిరామిక్ స్ప్రే, చివరికి గ్రాఫీన్ (కార్బన్‌కు అతి పలుచటి రూపం) కలిపిన స్ప్రే. ఊరికే రాసి చూస్తే తేడా తెలియదని బానెట్ మధ్యలో మాస్కింగ్ టేపు అంటించి, ఒక పక్క ఒకటి, ఇంకో పక్క ఇంకొకటి రాసి, వారానికోసారి ఒకే షాంపూతో కడుగుతూ చూశాను.

ముందే చెప్పేస్తా, డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే ఆ ప్రత్యేక పదార్థం కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. సిరామిక్ స్ప్రే ఒక్కటే కొంతవరకు మినహాయింపు.

టెఫ్లాన్ సంగతి వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. టెఫ్లాన్ అంటే పీటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్, అది కరిగేదే 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. వంట పెనానికి అది పట్టుకుంటోందంటే అంతకన్నా ఎక్కువ వేడిలో కాల్చి అంటిస్తారు కాబట్టే, కారు పెయింటును అంత వేడి చేస్తే పెయింటే మిగలదు. మరి చల్లటి బానెట్ మీద గుడ్డతో రుద్దితే అది పొరగా ఎలా ఏర్పడుతుంది? ఆ పొడి రేణువుల్ని పట్టి ఉంచేది చుట్టూ ఉన్న వ్యాక్సే, వ్యాక్స్ అరిగితే దాంతో పాటే అవీ పోతాయి. నా బానెట్ మీద టెఫ్లాన్ పక్క, మామూలు కార్నౌబా పక్క, రెండూ ఆరు వారాలకల్లా ఒకేలా అయిపోయాయి, నీళ్లు పోస్తే రెండు పక్కలా చదునుగా పరుచుకున్నాయి.

మొదటి రోజు మెరుపును మాత్రం అస్సలు నమ్మొద్దు. ఆ తళతళలో చాలా భాగం సిలికోన్ నూనెలది, గీతల్లో నిండి వాటిని కప్పేసే ఫిల్లర్లది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి ఒక చోట తుడిచి చూశాను, మాయమయ్యాయనుకున్న గీతలన్నీ అక్కడే ఉన్నాయి. క్లీనర్ వ్యాక్స్ పేరుతో వచ్చేవాటిలో సన్నటి అరగదీసే పొడి కూడా ఉంటుంది, అవి గీతల్ని కొంత నిజంగానే తగ్గిస్తాయి కానీ క్లియర్ కోట్‌ను, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొరను, కొద్దికొద్దిగా అరగదీసే తగ్గిస్తాయి. ఆ పొర మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాన్ని నెలనెలా రుద్దే పని పెట్టుకోకండి.

సిరామిక్ స్ప్రే అంటే సిలికా, దాంతోపాటు సిలికోన్ పాలిమర్లు ఉన్న ద్రవం. ఇది నా కారు మీద నాలుగు నెలలకు పైగా నిలిచింది, అన్నిటికన్నా ముఖ్యంగా బురద తేలిగ్గా వదిలింది, కాబట్టి రుద్దడం తగ్గింది, రుద్దడం తగ్గితే కొత్త గీతలూ తగ్గుతాయి. అయితే 9హెచ్ గట్టిదనం అని రాస్తారు చూడండి, అది పెన్సిల్ ములికితో గీసి చూసే కొలత, వజ్రం పదో స్థానంలో ఉండే మోస్ కొలత కాదు. స్ప్రే చేసి తుడిచిన అంత పలుచటి పొర గీతల్ని ఆపదు. ఒకసారి వేడిగా ఉన్న బానెట్ మీద కొట్టాను, తుడిచేలోపే ఎండిపోయి చారలు పడ్డాయి, వాటిని వదిలించడానికి మళ్లీ పాలిష్ పట్టాల్సి వచ్చింది. నీడలో, చల్లగా ఉన్నప్పుడే వేయండి. గ్రాఫీన్ అని రాసి ఉన్న స్ప్రేకీ దీనికీ నాకు తేడా ఏమీ కనిపించలేదు, నీటి మరకలు పడవన్నారు, పడ్డాయి.

నీళ్లు ముత్యాల్లా నిలిస్తే రక్షణ ఉన్నట్టే అనుకుంటాం, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది ఉపరితలం నీటిని వికర్షిస్తోందని మాత్రమే చెబుతుంది. ఆ బొట్లు ఎండలో అలాగే ఆరితే నీటిలోని కాల్షియం తెల్లటి గుండ్రటి మచ్చగా మిగులుతుంది, నల్ల రంగు మీద అది మరీ ఘోరం. ఒక్కోసారి ముత్యాలు ఆగిపోయాయంటే వ్యాక్స్ పోయిందని కాదు, పైన మురికి పేరుకుందని, బాగా కడిగితే మళ్లీ వస్తాయి. యూవీ రక్షణ అని రాసినదానికీ పెద్దగా విలువ ఇవ్వను, ఇప్పటి కార్లలో ఆ పని చేసే పదార్థాలు క్లియర్ కోట్‌లోనే ఉంటాయి, వ్యాక్స్ పొర దానిముందు ఏపాటిది.

నాలుగేళ్లలో అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపింది అసలు ఏ డబ్బాలోనూ లేదు. బానెట్ సగానికి క్లే బార్ (పెయింటుకు అంటుకుపోయిన మురికిని లాగేసే మెత్తటి బంకమన్ను లాంటి ముద్ద) పట్టి, ఆల్కహాల్‌తో తుడిచి కార్నౌబా రాశాను, మిగతా సగాన్ని కేవలం కడిగి అదే కార్నౌబా రాశాను. శుభ్రం చేసిన సగం మీద దాదాపు మూడు వారాలు ఎక్కువ నిలిచింది. టెఫ్లాన్ ఆ తేడాలో పావు వంతు కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు క్లే పట్టి, సాదా సిరామిక్ స్ప్రే వేస్తున్నాను. నల్ల ప్లాస్టిక్ భాగాలకు టేపు వేశాకే పేస్టు వ్యాక్స్ ముట్టుకుంటాను, ఒకసారి అంటిన తెల్లటి మరక డోర్ కింది పట్టీ మీద ఇంకా పూర్తిగా పోలేదు.