ఐదు మార్కులకు వైద్యానికి నాలుగున్నర, కౌంటరుకు ఒకటిన్నర

నల్లగొండలో కుక్కలకు, పిల్లులకు మాత్రమే వైద్యం చేసే ఒక ప్రైవేటు క్లినిక్‌కు కిందటి మృగశిర కార్తె నుంచి ఈ రోహిణి కార్తె దాకా, దాదాపు ఏడాది పాటు, మా ఇంట్లోని రెండు ప్రాణాలను తిప్పాను. ఒకటి ఐదేళ్ల దేశీ కుక్క మోతి, రెండోది మూడేళ్ల గండుపిల్లి చిట్టి. మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదు కూడా ఉన్నందున క్లినిక్ పేరు రాయడం లేదు. ఫిర్యాదును వారికి ముఖాముఖిగానే చెప్పి వచ్చాను.

మొదటిసారి వెళ్లింది గోమార్ల బాధతో. వానలు మొదలైన రెండు మూడు వారాలకే మోతి చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో అవి గింజల్లా పట్టుకున్నాయి. కుక్క అన్నం మానేసి మూలకు పడుకుంది. ఒక ఇంజెక్షన్ వేసి పంపిస్తారనుకుంటే, డాక్టరుగారు ముందు పై పెదవి ఎత్తి చిగుళ్లు చూపించారు. గులాబీ రంగులో ఉండవలసిన చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గినట్టు, గోమార్ల వల్ల వచ్చే ఎర్లికియా జబ్బు ఉన్నట్టు తేలింది. డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులకు రాస్తూ, నాలుగో రోజు నుంచే కుక్క హుషారుగా తిరుగుతుందనీ, అది చూసి మందు ఆపవద్దనీ, మాత్రను పాలతో కాకుండా అన్నంలో పెట్టి ఇవ్వమనీ చెప్పారు. సరిగ్గా ఐదో రోజు మోతి గేటు దగ్గర మొరగడం మొదలుపెట్టింది. ఆ మాట ముందుగా వినకపోతే నేను మాత్రలు ఆపేసేవాడినే.

అంతకన్నా ఉపయోగపడింది మరో మాట. ఆడ గోమారి రక్తం తాగి ఉబ్బాక కుక్క మీద ఉండదు, రాలిపోయి గోడ పగుళ్లలోకి, మంచం కోళ్ల సందుల్లోకి చేరి వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకు ఎన్ని మందులు వేసినా గోడను వదిలేస్తే నెల తిరగకుండా మళ్లీ మొదలవుతుందట. పానగల్లులోని మా పాత ఇంటి వసారా గోడను ఆ వారమే గీకించి, పగుళ్లు సిమెంటుతో మూయించాను. వైద్యం బిల్లు కంటే మేస్త్రీ కూలీయే ఎక్కువైంది గానీ, దసరా దాకా మోతి మీద మళ్లీ ఒక్క గోమారి కూడా కనబడలేదు.

టీకాల విషయంలో వీరి పద్ధతి నాకు నచ్చింది. సీసాను ఫ్రిజ్‌లోంచి మన కళ్ల ముందే తీసి, గడువు తేదీ చదివి వినిపించి, దాని మీది చీటీని ఊడదీసి కార్డులో అంటిస్తారు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కరెంటు కోతల ఎండాకాలంలో ఆ ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ ఉందా అని అడిగితే విసుక్కోకుండా చూపించారు. రేబిస్ టీకాను జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినం నాడు, ప్రభుత్వ పశువైద్యశాలలో ఉచితంగా వేస్తారని, కావాలంటే అక్కడే వేయించుకోమని చెప్పింది కూడా వీరే. సొంత బేరం పోగొట్టుకునే మాట చెప్పే దుకాణం అరుదు.

ఇక కౌంటరు సంగతి. ఆగస్టులో చిట్టికి కూడా గోమారి కనబడితే, డాక్టరుగారు లేని పూట వెళ్లి మెడ మీద వేసే చుక్కల మందు అడిగాను. కౌంటరు దగ్గరి కుర్రాడు మోతికి ఇచ్చిన రకమే ఇస్తూ "సగం వేయండి సార్, పిల్లి చిన్నది కదా" అన్నాడు. ఇంటికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చదివితే అందులో పర్మెత్రిన్ ఉంది. కుక్కలు తట్టుకునే ఆ మందును పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. ఇది సగం, పావు లెక్కలతో తీరే సంగతి కాదు. డబ్బా తిరిగి ఇచ్చేస్తే డబ్బు వెంటనే ఇచ్చారు, డాక్టరుగారు క్షమాపణ కూడా చెప్పారు. అయినా పిల్లుల మందులకు వేరే అర పెట్టడానికి వారికి సంక్రాంతి దాకా పట్టింది.

చలికాలంలో చెప్పుకోదగ్గదేమీ లేదు, మూడు నెలలకోసారి వేసే నులిపురుగుల మందు తప్ప.

ఎండాకాలం మాత్రం నల్లగొండలో అసలు పరీక్ష. పాదరసం 44 దాటే రోజుల్లో, పాదాల అడుగున తప్ప చెమట పట్టని కుక్కకు రొప్పడమే దిక్కు. మార్చిలోనే వీరు తెలుగులో అచ్చేసిన ఒక కాగితం ఇచ్చారు. రోడ్డు మీద అరచేయి ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కను నడిపించవద్దనీ, కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ కాబట్టి 104 దాటితే మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను కింద ఉంచి వెంటనే తీసుకురావాలనీ అందులో ఉంది. మా పక్కింటి వాళ్లు కూడా దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకున్నారు.

ఆ కాగితంలో లేనిది పిల్లి సంగతి. మే నెలలో ఒక ఆదివారం రాత్రి చిట్టి ఇసుక తొట్టిలో కూర్చుని ముక్కుతూ, చుక్క మూత్రం రాక అరవసాగింది. మగపిల్లికి మూత్రం ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. క్లినిక్‌కు తాళం, ఫోనుకు జవాబు లేదు. కారు మాట్లాడుకుని వంద కిలోమీటర్లు హైదరాబాద్ వెళ్తే అక్కడ గొట్టం వేసి బతికించారు. నీళ్లు తక్కువ తాగే పిల్లికి ఎండు గింజల తిండి ఒక్కటే పెట్టకుండా తడి తిండి కలపమని సోమవారం మా డాక్టరుగారు చెప్పారు. నిజమే, కానీ ఆ మాట మార్చి కాగితంలోనే ఉండాల్సింది.

చూసినందుకు 300 రూపాయలు తీసుకుంటారు, అనవసరపు పరీక్షలు రాయరు. పగటిపూట ఈ ఊళ్లో నా కుక్కను ఇంకెవరికీ చూపించను. రాత్రిళ్లు ఎవరికి ఫోన్ చేయాలో తలుపు మీద ఒక నంబరు రాసి పెట్టమని అడిగి మూడు వారాలైంది. మొన్న వెళ్లినప్పుడు తలుపు మీద బోర్డైతే పెట్టారు గానీ, నంబరు ఉండాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.