ఫోన్‌కి తాళం డబ్బా: మూడు వారాలు వాడాక

ఇల్లు మద్దిలపాలెం, ఆఫీసు గాజువాక. బస్సులో సీటు దొరికితే పూటకి పాతిక పేజీలు చదివేసేదాన్ని ఒకప్పుడు. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ని నిషేధిస్తే హమ్మయ్య అనుకున్నాను. మరుసటి నెలలోనే ఇన్‌స్టాలో రీల్స్ వచ్చాయి. అప్పట్నుంచి నా సంచిలో నవల ఊరికే గాజువాక వెళ్ళొస్తోంది.

మొదట ఫోన్‌లోనే ఉండే యాప్ టైమర్ పెట్టాను. రోజుకి అరగంట దాటితే ఇన్‌స్టా బొమ్మ బూడిదరంగుకి మారిపోతుంది, మళ్ళీ అర్ధరాత్రి దాటాకే తెరుచుకుంటుంది. కానీ సెట్టింగ్స్‌లోకెళ్ళి టైమర్ తీసేస్తే సరి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఓ రోజైతే పన్నెండు ఎప్పుడవుతుందా అని మేలుకుని కూర్చున్నాను, సిగ్గు లేకుండా.

అందుకే ఆన్‌లైన్‌లో 1,350 పెట్టి ఈ డబ్బా కొన్నాను. ప్లాస్టిక్‌ది, రెండు పెన్సిల్ సెల్స్ వెయ్యాలి. ఫోన్ లోపల పెట్టి, మూతమీద బిళ్ళ తిప్పి గంటో రెండు గంటలో పెట్టి నొక్కితే ఇక మూత రాదు. బతిమాలినా రాదు.

మొదటి రాత్రి గంటలో పదకొండు పేజీలు. పేజీ తిప్పిన ప్రతిసారీ చెయ్యి ఫోన్ కోసం తడుముకుంది. మూడో వారానికి ముప్పై దాకా వచ్చాను. సంక్రాంతికి మొదలెట్టిన నవల మొన్ననే పూర్తయింది.

పెద్ద లోపం, డబ్బా అద్దంలా ఉండటం. మెసేజ్ వస్తే లోపల వెలుగు కనిపిస్తుంది, గుయ్‌మని అదురుతుంది కూడా. ఇక చదువుతామా? మీద టవల్ కప్పుతున్నాను. కొనేవాళ్ళు లోపల కనబడని రకం చూసుకోండి.

ఇంకోటి, ఓటీపీలు. శనివారం పొద్దున్న గ్యాస్ అబ్బాయి సిలిండర్ దింపి "ఓటీపీ చెప్పండమ్మా" అన్నాడు. డబ్బాలో ఇంకా నలభై నిమిషాలుంది. మా గుంటడు సుత్తి తేనా అన్నాడు. 1,350 గుర్తొచ్చి వద్దన్నాను. సిలిండర్ వెనక్కెళ్ళింది, మధ్యాహ్నం ఉప్మా పక్కింటి స్టవ్‌మీద అయింది.

బస్సులో మాత్రం దీంతో లాభం లేదు. ఒళ్ళో పెట్టుకుంటే క్యారేజీ అనుకుంటారు.

మూడున్నర స్టార్లు. సైజు చూసుకుని కొనండి. మా ఆయన ఫోన్ పెద్దది, ఇందులో పట్టదు. పట్టనందుకు ఆయన చాలా సంతోషంగా ఉన్నారు.