సొంత పేరుతో మెయిల్ ఐడీ అంటూ అమ్మే ప్యాకేజీలతో జాగ్రత్త

తిరుపతి, చిత్తూరు వైపు లాడ్జీలు, ట్రావెల్స్, షాపులు నడిపేవాళ్లు దయచేసి చదవండి. వెబ్‌సైట్‌తో పాటు మీ పేరు మీద ఈమెయిల్ ఇస్తామని అమ్మేవాళ్లలో కొందరు ఇచ్చేది మెయిల్‌బాక్స్ కాదు. వచ్చిన మెయిల్‌ని మీ జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేస్తారు, అంతే.

మా ట్రావెల్స్‌కి ఊళ్లోనే ఒకరి దగ్గర ఇది తీసుకున్నాం. బెంగళూరు కంపెనీ ఒకటి, స్టాఫ్‌ని దర్శనానికి తీసుకురావడానికి బండ్లు కావాలని మెయిల్ పెట్టింది. మాకు రాలేదు, స్పామ్‌లోనూ లేదు. చివరికి వాళ్లే ఫోన్ చేసి, తిరిగొచ్చిన మెయిల్ కాపీ వాట్సాప్‌లో పంపారు. అందులో 550-5.7.26 అని ఉంది. అంటే పంపినది ఫలానావాళ్లే అని రుజువు కానందున, ఆ బెంగళూరు కంపెనీ డీమార్క్ పాలసీ (తమ పేరుతో వచ్చి రుజువు కాని మెయిల్‌ని ఏం చేయాలో పంపే కంపెనీ పెట్టుకునే నియమం) ప్రకారం జీమెయిల్ తిప్పి పంపేసిందన్నమాట.

అడిగితే మా వెండర్, "పంపినవాళ్ల సెట్టింగే తప్పండీ" అన్నాడు. అది నిజం కాదు. అదే మెయిల్ నేరుగా మా జీమెయిల్‌కి పంపిస్తే వెంటనే వచ్చింది. జీమెయిల్‌లో మెయిల్ పూర్తి వివరాలు చూపే షో ఒరిజినల్ నొక్కి చూస్తే, పంపినది ఎవరో తేల్చే తనిఖీలు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పాస్.

జరిగేది ఇదీ. ఏ సర్వర్ల నుంచి తమ మెయిల్ వస్తుందో పంపే కంపెనీ ఎస్‌పీఎఫ్‌లో రాసిపెడుతుంది. మధ్యలో ఫార్వర్డ్ చేసే సర్వర్ ఆ లిస్టులో ఉండదు కాబట్టి ఎస్‌పీఎఫ్ పోతుంది. ఇక మిగిలేది డీకిమ్, అంటే పంపే కంపెనీ మెయిల్‌కి వేసే డిజిటల్ సంతకం. మెయిల్‌ని ముట్టుకోకుండా పంపితే అది నిలబడుతుంది, దాంతో డీమార్క్ కూడా పాసవుతుంది. కానీ మా వెండర్ ప్రతి మెయిల్ కింద తన కంపెనీ ప్రకటన ఒక లైను తగిలిస్తున్నాడు! ఆ లైనుతో సంతకం చెల్లకుండా పోయింది. డీమార్క్ కఠినంగా పెట్టుకోని వాళ్ల మెయిల్స్ వస్తున్నాయి కాబట్టి ఇన్నాళ్లూ మాకు అనుమానమే రాలేదు. డీమార్క్‌లో రిజెక్ట్ అని పెట్టుకున్న పెద్ద కంపెనీల మెయిల్సే పోతున్నాయి, మనకు కావలసిన బుకింగులేమో అవే.

చేతిలో పడ్డ ఉత్తరాన్ని మార్చి పంపినవాడిదే బాధ్యత. ఎస్ఆర్ఎస్ (ఫార్వర్డ్ చేసేటప్పుడు కవర్ మీది పంపినవారి అడ్రస్‌ని తమ డొమైన్‌కి మార్చే పద్ధతి) పెట్టామని చెప్పినా సరిపోదు. దాంతో ఎస్‌పీఎఫ్ ఫార్వర్డ్ చేసినవాళ్ల డొమైన్ పేరు మీద పాసవుతుంది గానీ, ఫ్రమ్‌లో ఉన్న కంపెనీ డీమార్క్‌కి అది లెక్కలోకి రాదు.

డబ్బు కట్టేముందే మెయిల్‌బాక్సా, ఫార్వర్డింగా అని రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే ఫార్వర్డింగ్ తీసుకుని ఉంటే, బయటి కంపెనీ నుంచి వచ్చిన ఒక మెయిల్‌ని షో ఒరిజినల్‌లో చూడండి. డీకిమ్ ఫెయిల్ అని ఉంటే మెయిల్ కింద ఏమైనా కలుపుతున్నారేమో వెతకండి. తిరిగొచ్చిన మెయిల్స్ కాపీలు కస్టమర్ల దగ్గర అడిగి దాచుకోండి, రిఫండ్ మాట వచ్చినప్పుడు వెండర్ ముందు పెట్టడానికి అవే ఆధారం.