శుక్లాల ఆపరేషన్ అయ్యి నాలుగేళ్ళు కావస్తోంది, నా అనుభవం (కుట్టుపని చేసేవాళ్ళు తప్పక చదవండి)

నేను తెనాలిలో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నానండి. కుడి కంటికి 2022 ఫిబ్రవరిలో, ఎడమ కంటికి అదే ఏడాది ఏప్రిల్‌లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నా, అప్పటికి నాకు 58. ఆపరేషన్ అయిన వారానికే చాలా బాగుంది అని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు గానీ మూడు నాలుగేళ్ళు వాడాక ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు నాకు దొరకలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నాకు ముందు తేడా తెలిసింది మసకతో కాదు, రంగులతో. 2020 దసరా ముందు ఒకావిడ నేవీ బ్లూ పట్టు జాకెట్టు ఇచ్చింది, రాత్రి ట్యూబులైటు కింద కూర్చుని హెమ్మింగ్ చేసి హుక్కులు కుట్టి పంపించా, తెల్లారేసరికి ఆవిడ తిరిగొచ్చి "ఇదేంటండీ నల్లదారంతో కుట్టారు" అంది. నాకేమో రెండూ ఒకే రంగులాగా ఉన్నాయి. మా అమ్మాయి దాన్ని వాకిట్లో ఎండలోకి తీసుకెళ్ళి దారం ఉండ పక్కన పెట్టి చూపిస్తే అప్పుడు కాస్త తేడా తెలిసింది. మొత్తం విప్పి మళ్ళీ కుట్టిచ్చాననుకోండి, కానీ ఆ రోజు నాకు అన్నం సహించలేదు, రంగు చూడటం మీద బతికే పని కదా మాది.

అప్పటికే కళ్ళజోడు నంబరు కూడా మారుతూ వస్తోంది. ఎన్నో ఏళ్ళు మైనస్ 3 దగ్గర నిలకడగా ఉండేది, ఏడాదిన్నరలో మూడుంబావు, మూడుముప్పావు, నాలుగున్నర అయ్యింది, ప్రతిసారీ అద్దాలు మార్పించుకుంటున్నా. శుక్లం కంటి లెన్స్ నడిమధ్యలో గట్టిపడుతుంటే ఇలా దూరపు చూపు నంబరు పెరుగుతుందంట. కొంతమంది పెద్దవాళ్ళు "నాకు చత్వారం పోయింది, జోడు లేకుండా పేపర్ చదువుతున్నా" అని సంతోషపడుతుంటారు చూడండి, అది చాలాసార్లు ఇదే. మీ ఇంట్లో ఎవరైనా అలా అంటే ఒకసారి కళ్ళు చూపించండి.

ఆ డిసెంబర్‌లో ఒక పెద్ద కంటి హాస్పిటల్‌కి వెళ్తే, జోడు పెట్టుకుంటే చూపు 6/9 వరకు (అంటే దాదాపు మామూలు చూపే) వస్తోందని రాసి కూడా, వెంటనే చేయించుకోవాలి లేకపోతే చూపు పోతుందని భయపెట్టి, కౌన్సెలింగ్ అని ఒక అమ్మాయి దగ్గర కూర్చోబెట్టి 70 వేల ప్యాకేజీ చెప్పారు. ఇంటికొచ్చి రెండు రోజులు నిద్రపోలేదు. తర్వాత గుంటూరులో ఇంకో డాక్టర్ గారికి చూపిస్తే ఆయన కంటిపాప విచ్చుకునే చుక్కలేసి అరగంట కూర్చోబెట్టి లోపల రెటీనా (కంటి వెనకపొర), కంటి ప్రెషర్ అన్నీ చూసి "తొందరేం లేదమ్మా, మీ పనికి అడ్డం అనిపించినప్పుడు రండి, ఆరు నెలలకోసారి మాత్రం చూపించుకోండి" అన్నారు. అదే నాకు బాగా నచ్చిన మాట. కొంతమందికి ఆగే వీలుండదు, శుక్లం ఉబ్బి కంట్లో ప్రెషర్ పెరుగుతున్నా, షుగర్ ఉన్నవాళ్ళకి రెటీనా కనపడనంతగా శుక్లం అడ్డొస్తున్నా డాక్టర్లు ముందే తీసేయమంటారు. నాకు షుగర్ ఉన్నా అలాంటి అడ్డేమీ లేదు కాబట్టి 14 నెలలు ఆగా.

ఆగిన మాట నిజమే గానీ పండేదాకా ఆగలేదు, ఇది గట్టిగా చెప్పాలి. మా అత్తగారు "పొర పండితేగానీ తియ్యకూడదు" అని ఒకటే పోరు. ఆవిడకి 80ల్లో క్యాంపులో చేశారు, అప్పట్లో లెన్స్ మొత్తం బయటికి తీసి కుట్లేసేవాళ్ళు, తర్వాత సోడాబుడ్డి అద్దాలే గతి, అంచేత పూర్తిగా చూపు ఆనకుండా పోయాక చేస్తేనే లాభం అనేవాళ్ళు. ఇప్పుడు చేసే ఫేకో పద్ధతిలో మూడు మిల్లీమీటర్లు కూడా లేని కోత పెట్టి, శబ్ద తరంగాలతో శుక్లాన్ని లోపలే ముక్కలు చేసి లాగేసి, దాని చోట ప్లాస్టిక్ లెన్స్ పెడతారు. అది రాయిలా ముదిరితే ఎక్కువసేపు ఆ తరంగాలు వాడాల్సొస్తుంది, నల్లగుడ్డు మీదుండే అద్దం లాంటి పొరకి లోపలివైపు దెబ్బ, కోలుకోవడం కూడా ఆలస్యం. కంట్లో ప్లాస్టిక్ ముక్క ఎన్నాళ్ళుంటుంది అని నేను భయపడితే మా అమ్మాయి చెప్పింది, రెండో ప్రపంచ యుద్ధంలో విమానం ప్లాస్టిక్ అద్దాల ముక్కలు గుచ్చుకున్న పైలట్ల కళ్ళు వాటిని తట్టుకోవడం చూసే హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టర్ 1949లో లండన్‌లో మొదటి లెన్స్ పెట్టాడంట. అది విన్నాక ధైర్యమొచ్చింది.

నేను పెట్టుకున్న లెక్క ఏంటంటే, పగటి వెలుగులో కూడా నెమలికంఠం రంగుకి వంగపండు రంగుకి దారం ఎంచడానికి ఇంకొకళ్ళని పిలవాల్సొచ్చిన రోజు చేయించుకుందాం అని. 2022 సంక్రాంతి బట్టలప్పుడు ఆ రోజు వచ్చింది. షుగర్ 240 ఉందని మూడు వారాలు వాయిదా వేశారు, అది తగ్గాక చేశారు.

ఆపరేషన్ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అంతా కలిపి ఇరవై నిమిషాలు కూడా లేదు. చుక్కల మందుతోనే మొద్దుబారిపోయింది, ఇంజక్షన్ కూడా ఇవ్వలేదు (కొందరికి ఇస్తారు). మొహం మీద గుడ్డ కప్పుతారు, నీళ్ళు చల్లగా కారుతుంటాయి, గులాబీ, నీలం లైట్లు కదులుతుంటాయి, "లైటు వైపే చూడండమ్మా" అంటూనే ఉంటారు. నొప్పి లేదు, ఒత్తినట్టు ఉంటుంది అంతే. మీకు దగ్గు ఉన్నా, వెల్లకిలా పడుకోలేకపోయినా ముందే చెప్పండి.

మర్నాడు కట్టు విప్పాక ఇంటికొచ్చి టీ పెడదామని స్టవ్ వెలిగించా. మంట నీలం! ఎన్నేళ్ళ నుంచి అది నాకు పాలిపోయిన రంగులో కనిపిస్తోందో నాకే తెలీదు. కుడి కన్ను మూస్తే పాత టీ మరక లాంటి పసుపు, ఎడమ కన్ను మూస్తే తెల్లటి తెలుపు. దారాల డబ్బా ముందేసుకుని నలుపు ఉండ, నేవీ బ్లూ ఉండ పక్కపక్కన పెట్టి ఒక్కో కన్నూ మూసి చూశా, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, తుడుచుకోవడానికి కూడా భయమే కన్ను నలపకూడదు కదా.

కోలుకోవడంలో అసలు పని చుక్కలదే. యాంటీబయాటిక్ రోజుకి నాలుగుసార్లు, స్టెరాయిడ్ చుక్కలు మొదటి వారం ఆరుసార్లు, తర్వాత వారానికి ఒకటి చొప్పున తగ్గించుకుంటూ ఆరు వారాలు. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, పాలలా తెల్లగా ఉండే సీసా బాగా ఊపి వేసుకోవాలి, ఊపకపోతే మందు అడుగునే ఉండిపోతుంది. ఫ్రిజ్ మీద చార్ట్ అంటించి టిక్కులు పెట్టుకున్నా. వారం రోజులు రాత్రిపూట ప్లాస్టిక్ మూత పెట్టి టేపు అంటించుకుని పడుకోవాలి, రెండు వారాలు తలస్నానం లేదు, నెల దాకా కాటుక లేదు, పొయ్యి పొగ తగలనివ్వలేదు, నీళ్ళ బిందె ఎత్తలేదు. మా అత్తగారు పప్పు, వంకాయ, గోంగూర పెట్టకుండా పత్యం పెట్టారు, డాక్టర్ గారిని అడిగితే అన్నీ తినమన్నారు, షుగర్ ఒక్కటి చూసుకోమన్నారు. ఇసుక పడ్డట్టు గరగర మాత్రం దాదాపు మూడు నెలలు ఉంది, కన్నీళ్ళ చుక్కలు వాడా. కంటి చివర ఓరగా ఒక నీడలాగా కూడా కొన్ని వారాలు కనిపించి తర్వాత పోయింది. ఒక్కటి మర్చిపోకండి, మొదటి వారాల్లో నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడి చూపు తగ్గినా, రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు పరిగెత్తండి, లోపల ఇన్ఫెక్షన్ అయితే గంటలు కూడా లెక్కే.

ఇక నా బాధ. లెన్స్ పవర్ పెట్టే ముందు నువ్వేం పని చేస్తావు అని నన్ను ఒక్కళ్ళు అడగలేదు. కుడి కన్ను పూర్తిగా దూరానికి సెట్ చేశారు. బస్సు బోర్డు జోడు లేకుండా చదివేస్తున్నా గానీ సూదిలో దారం ఎక్కించలేకపోయా! మైనస్ 3 ఉన్నవాళ్ళకి జోడు తీస్తే అడుగు దూరంలో అద్దంలా కనపడుతుంది, ముప్పై ఏళ్ళు నా కుట్టంతా ఆ చూపుతోనే, అది పోతుందని ముందే చెప్పి ఉంటే నేను వేరేలా అడిగేదాన్ని. దానికి తోడు ఒక కంటికి సున్నా, ఇంకో కంటికి నాలుగున్నర, ఆ జోడు పెట్టుకుంటే తల తిరిగేది. జోడు తీసేసి తిరుగుతూ ఉంటే ఒకరోజు గమనించా, కుడి కన్ను దూరం చూస్తోంది, శుక్లం ఉన్నా సరే ఎడమ కన్నే దగ్గర పని చూస్తోంది, నేను ఏ కన్ను వాడుతున్నానో ఆలోచించట్లేదు కూడా. అందుకే ఎడమ కంటికి ముందు చీటీ రాసి తీసుకెళ్ళా, జాకెట్లు కుడతాను, మిషను మీద గుడ్డ కంటికి ఇంత దూరంలో ఉంటుంది అని టేపుతో కొలిచి సెంటీమీటర్లు రాసి. డాక్టర్ గారు చదివి, మరీ 3 పెడితే రెండు కళ్ళకీ పొంతన కుదరదు, మైనస్ 2 దగ్గర పెడదాం అన్నారు. అలాగే పెట్టారు. నాలుగేళ్ళుగా మిషను పనంతా జోడు లేకుండానే, రాత్రి హెమ్మింగ్‌కి, కాజాలకి మాత్రం చిన్న నంబరు జోడు వాడతా. ఇది అందరికీ పడదు, రెండు కళ్ళూ ఒకేలా ఉండాలనుకునేవాళ్ళకి చిరాకుగా ఉంటుంది.

రెండూ మోనోఫోకల్ (ఒకే దూరానికి పనిచేసే) లెన్సులే, కంటికి 25 వేలు అయ్యింది. మల్టీఫోకల్ (దూరం, దగ్గర రెండూ చూపించేది) అయితే రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కొందరికి కనిపిస్తాయని చెప్పారు, అది విని వద్దనుకున్నా. డబ్బు కోసం ఆగేవాళ్ళు ఆగక్కర్లేదు, మా పక్కింటి పిన్నిగారికి పెదకాకాని శంకర కంటి ఆసుపత్రిలో ఉచితంగానే చేశారు, బాగా చూస్తోంది.

2024 చివర్లో కుడి కన్ను మళ్ళీ మసకేసింది. శుక్లం మళ్ళీ వచ్చిందని అందరూ అన్నారు, అది మళ్ళీ రాదు. లెన్స్‌ని నిలబెట్టడానికి వెనక ఉంచిన పల్చటి సంచి పొర మసకబారుతుందంట, యాగ్ లేజర్‌తో దానికి కిటికీ పెట్టారు, ఐదు నిమిషాలు, కోత లేదు, కట్టు లేదు. రెండు మూడు రోజులు నల్లటి నలుసులు ఈదాయి. నాలా మైనస్ నంబరు ఉన్నవాళ్ళు మెరుపులు కనిపించినా, చూపుకి పక్కనుంచి తెర కమ్మినట్టున్నా ఆగకూడదన్నారు, అది రెటీనా సంగతి.

వచ్చే నెల మా ఆయనకి డేట్ ఇచ్చారు. ఆయన ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ వాడతారు, ఆ మాత్ర వాడేవాళ్ళకి ఆపరేషన్‌లో కంటిపాప సరిగ్గా విచ్చుకోదంట, మందు మానేసినా ప్రభావం ఉంటుందంట, అందుకని అది చీటీలో మొదటి లైనులోనే రాశాం. రెండో లైను, రాత్రి పదింటిదాకా ఆటో నడుపుతారు, రెండు కళ్ళూ దూరానికే పెట్టండి, దగ్గరకి జోడు వాడుకుంటారు అని.