గుడ్లకు కంచె సరే, నడిచే పిల్లలకు ఏది మేలు?

ఆదివారాలు హైదరాబాద్ చెరువుల దగ్గర పక్షులు చూడడానికి మాతో వచ్చేవాళ్లు ఎండాకాలం మొదలైతే చాలు, ఒకే ప్రశ్న అడుగుతున్నారు. సముద్రతీరంలో ఇసుక మీద గుడ్లు పెట్టే ప్లోవర్లు, టెర్న్‌లలాంటి పక్షులను కాపాడాలంటే స్థానిక సంస్థలు ఏం చేయాలి? బీచ్ మూసేయడం మేలా, కంచె కట్టడం మేలా, కుక్కల బెడద తీర్చడం మేలా? సముద్రం మనకు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది కదా, ఈ గొడవ మనకెందుకు అని ఎవరూ అనడం లేదు. అనకూడదు కూడా. సెలవు రోజున బాపట్ల దగ్గరి సూర్యలంకలో నిలబడి చూడండి, హైదరాబాద్ నంబర్ల కార్లు ఎన్ని కనిపిస్తాయో. తీరంలో ఆ పక్షులు పొదిగే రోజులూ మన పిల్లల వేసవి సెలవులూ చాలావరకు ఒకేసారి వస్తాయి.

నా మొగ్గు ఎటో ముందే చెప్తాను. కాపలా మేలు. నాలుగు కర్రలు, ఒక తాడు చుట్ట పట్టుకుని రోజూ ఆ ఇసుక మీద తిరిగే మనిషి కావాలి. మిగతా ఏర్పాట్లన్నీ ఆ మనిషి చేతిలో పనిముట్లుగా ఉంటేనే పనిచేస్తాయి. అయితే బీచ్ మూసివేతను సమర్థించేవాళ్ల వాదనలో చాలా బలం ఉంది, దాన్ని దాటవేసి ముందుకు వెళ్లడం న్యాయం కాదు.

అమెరికా తూర్పు తీరంలో పైపింగ్ ప్లోవర్ అనే చిన్న పక్షిని 1986లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. అప్పట్లో మసాచుసెట్స్ రాష్ట్రంలో 150 జంటలు కూడా లేవు. ఇప్పుడు వెయ్యి దాటాయి. అక్కడి పట్టణాలు గూళ్లున్న చోట ఇసుక మీదికి వాహనాలను రానివ్వవు. న్యూయార్క్ నగర పార్కుల శాఖ రాకవే బీచ్‌లో ఒక భాగాన్ని గూళ్ల కాలంలో ఏటా మూసి ఉంచుతుంది. షికాగోలో 2019లో మాంట్రోజ్ బీచ్‌లో ఒక ప్లోవర్ జంట గూడు పెట్టింది. వేలమంది రావాల్సిన సంగీతోత్సవాన్ని నిర్వాహకులు ఆ ఏడాది రద్దు చేసుకున్నారు. రెండేళ్ల తర్వాత ఆ బీచ్‌లోని రక్షిత ప్రాంతాన్ని నగర పార్కుల యంత్రాంగం 3 ఎకరాల మేర పెంచింది. రెండు పిట్టల కోసం అంత పెద్ద నగరం జరిగి చోటిచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ లెక్కలు చూపించి మనవాళ్లు కొందరు ‘చూశారా, మూసేస్తే చాలు’ అంటున్నారు. అక్కడ మూసివేత ఒంటరిగా పనిచేయలేదన్న సంగతి మరిచిపోతున్నారు. ఏ గూట్లో ఎప్పుడు గుడ్లు పిగిలాయి, పిల్లలు ఎటు వెళ్లాయి, ఎప్పుడు ఎగిరాయి అని చూసి రాసుకునేవాళ్లు ఆ తీరాల్లో సీజనంతా ఉంటారు. వాహనాల దారి ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి అనేది వాళ్లు చెప్పినదాన్ని బట్టే. పైగా అక్కడి బీచ్ ఎక్కువమందికి విహారస్థలం. మన తీరంలో అదే ఇసుక మీద పడవలు లాగుతారు, వలలు ఆరేస్తారు, చేపలు ఎండబెడతారు. మూడు నెలలు రావద్దని బోర్డు పెడితే ముందుగా దెబ్బతినేది మత్స్యకారులు, కారు వేసుకుని వచ్చిన మనం కాదు. వాళ్లను పక్షికి శత్రువులుగా నిలబెట్టే ఏర్పాటు ఏదైనా ఒక్క సీజను కూడా నిలబడదు.

ఇక అసలు విషయం. నా లెక్కలో తీర్పు తేల్చేది ఇదొక్కటే. ప్లోవర్ గుడ్లు పిగలడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కొన్ని గంటల్లోనే గూడు వదిలి నడుస్తుంది. తల్లి నోట్లో పెట్టదు, తన తిండి తనే ఏరుకోవాలి. అందుకే పొడి ఇసుకలోంచి అలలు తాకే తడి ఇసుక దాకా పరుగెత్తుకుంటూ వెళ్తుంది. రెక్కలు వచ్చి ఎగరడానికి మరో నెల. అంటే ప్రమాదం పొంచి ఉన్న కాలంలో సగం గూటి బయటే గడుస్తుంది. గూటి చుట్టూ ఎంత మంచి కంచె కట్టినా ఆ సగానికి అది అక్కరకు రాదు. చక్రాలు దిగబడిన గాడిలో ఆ పిల్ల నక్కి కూర్చుంటే పక్కన నిలబడ్డ మనిషికి కూడా కనపడదు. ప్రమాదం వాసన తగిలితే పారిపోకుండా కదలక మెదలక కూర్చోవడం దాని స్వభావం. తర్వాత వచ్చే కారు అదే గాడిలో వస్తుంది.

ఇది చూడడానికి సముద్రం దాకా వెళ్లనక్కరలేదు. మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో తీతువు పిట్ట కంకర రాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. తీతువు ప్లోవర్ల కుటుంబంలోదే. కాలనీ పిల్లలు వాటి చుట్టూ ఇటుకలు పేర్చి, ఒక పుల్లకు ఎర్రగుడ్డ కట్టారు. ఎండ మండిపోతున్న మధ్యాహ్నాల్లో తల్లి లేచి, పక్కనున్న మురుగు కాలువలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, నీళ్లు కారుతుండగానే గుడ్ల మీద కూర్చునేది. వేడికి గుడ్లు ఉడికిపోకుండా కాపాడుకునే పద్ధతి అది. ఇటుకల వలయం తన పని తాను చేసింది, గుడ్లు క్షేమంగా పిగిలాయి. మర్నాడు పొద్దున చూస్తే వలయం ఖాళీ. పిట్ట పిల్లలు ట్రాక్టర్లు తిరిగే మట్టిదారి దాటి కాలువ గట్టుకు చేరాయి. ఆ తర్వాత వాటిని కాపాడింది పక్కన కడుతున్న అపార్ట్‌మెంటు వాచ్‌మన్. ఇసుక ట్రాక్టరు వచ్చినప్పుడల్లా కర్ర పట్టుకుని ముందు నడిచి, పిల్లలు పక్కకు పోయాక రమ్మని చెయ్యి ఊపేవాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు.

ఆ తడి పొట్ట సంగతి మరో లెక్క కూడా చెప్తుంది. చల్లటి దేశాల్లో మనిషి దగ్గరికి వచ్చాడని తల్లి కాసేపు లేచి వెళ్లినా గుడ్డు కొంత ఓర్చుకుంటుంది. మన మే నెల ఎండలో, కాలు పెట్టలేని ఇసుక మీద, ఆ కాసేపే గుడ్డు ప్రాణం తీస్తుంది. సెల్ఫీ కోసం ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడితే గుడ్డును ఎవరూ తొక్కనక్కరలేదు. అమెరికాలో గూటి చుట్టూ 50 మీటర్ల దూరంలో తాడు కట్టాలని సూచిస్తారు. మన ఎండకు అంతకంటే ఎక్కువే ఉండాలని నా అభిప్రాయం.

తాడు కంచెకు నేను వ్యతిరేకిని కాను. ఖర్చు తక్కువ, సరుగుడు కర్రలు మన తీరంలో ఎక్కడైనా దొరుకుతాయి, సీజను అయిపోగానే తీసేయవచ్చు. కాలిఫోర్నియాలో కోల్ ఆయిల్ పాయింట్ అనే చోట స్నోయీ ప్లోవర్లు దశాబ్దాలపాటు పొదగడం మానేశాయి. 2001లో ఒక పిల్ల కనిపించాక అక్కడ తాడు కట్టి, పక్కన స్వచ్ఛంద సేవకులను నిలబెట్టారు. వచ్చినవాళ్లతో మాట్లాడడం, కుక్కలను పట్టీతో కట్టమని అడగడం వాళ్ల పని. పక్షులు మళ్లీ ఏటా గూళ్లు పెడుతున్నాయి. అయితే అది విశ్వవిద్యాలయం నడిపే చోటు. స్థానిక ప్రభుత్వమే చేసినది కావాలంటే వేల్స్‌లోని గ్రోనాంట్ చూడాలి. అక్కడి లిటిల్ టెర్న్‌ల స్థావరం వేల్స్‌లోకెల్లా పెద్దది. డెన్‌బిషైర్ కౌంటీ కౌన్సిల్ ప్రతి వసంతంలో విద్యుత్ కంచె కట్టి, జీతం మీద కాపలాదారులను పెట్టి, పక్షులు వెళ్లిపోయాక అంతా విప్పేస్తుంది. ఇలా ఏళ్ల తరబడి, ఒక్క సీజను కూడా వదలకుండా చేయడమే అందులో గొప్ప. కంచె నక్కను ఆపుతుంది. పైనుంచి దిగే గద్దజాతి పక్షిని తరమడానికి మళ్లీ మనిషే కావాలి.

గూటి మీద ఇనుప జాలీ బోర్లించడం గురించి కూడా కొందరు అడిగారు. గుడ్లు మిగులుతాయి, నిజమే. కానీ బుట్టలోంచి బయటికి వచ్చే తల్లిని డేగలు కాచుకుని పట్టుకున్న ఉదంతాలు అమెరికాలోనే ఉన్నాయి. గుడ్లు పోతే మళ్లీ పెడుతుంది, తల్లి పోతే ఏం చేస్తాం? షికాగోలో 2021లో జాలీ ఉండగానే స్కంక్ అనే చిన్న జంతువు ఒకటి గుడ్లు తినేసింది. మన దగ్గర ఇంకో భయం కూడా ఉంది. ఇసుకలో ఎవరికీ కనపడని గూటిని జాలీ పెట్టి ఊరందరికీ చూపించినట్టవుతుంది. వద్దనే చెప్తాను.

కుక్కల విషయానికి వస్తే, అక్కడి నియమాలు ఇక్కడికి అతకవు. బీచ్‌కు తెచ్చిన కుక్కను పట్టీతో కట్టాలని చెప్పడానికి దానికి ఒక యజమాని ఉండాలి కదా. మన తీరంలో తిరిగేవి ఊరకుక్కలు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసిన కుక్కను పట్టుకున్న చోటే వదలాలి. కాబట్టి పంచాయతీ వాటిని ఊరు దాటించలేదు, దాటించమని అడగడమూ సరికాదు. చేయగలిగింది ఒకటుంది, అదీ పూర్తిగా పంచాయతీ చేతిలోని పనే: చెత్త తీయడం. తిని పారేసిన బిర్యానీ పొట్లాలు, చేపల వ్యర్థాలు ఇసుక మీద లేకపోతే కుక్కలు, కాకులు అంత దూరం రావు. కాకి చేసే నష్టం కుక్క చేసేదానికి తీసిపోదు. కాపలా తర్వాత నేను రెండో స్థానం ఇచ్చేది చెత్త ట్రాక్టరుకే. పొద్దున వస్తే లాభం లేదు, సాయంత్రం జనం వెళ్లిపోయాక రావాలి. రాత్రంతా చెత్త ఇసుక మీద పడి ఉంటే కుక్కలకు విందు పెట్టినట్టే.

హెచ్చరిక బోర్డులు పెట్టవచ్చు, వాటితో పాటు ఇంకేదైనా చేస్తేనే. తీరం పచ్చబడాలని ఇసుక మీద సరుగుడు మొక్కలు నాటే కార్యక్రమాలు మాత్రం ఈ పక్షులకు కీడు. వాటికి కావాల్సింది నలువైపులా దూరం కనిపించే బోసి ఇసుక. చెట్టు వస్తే కాకికి కాపు కాయడానికి కొమ్మ దొరుకుతుంది.

చట్టప్రకారం ప్రకటన చేయించడం అన్నిటికంటే మేలు అనేవాళ్లు ఉన్నారు. పక్షులు గూళ్లు పెట్టే ప్రదేశాలను కేంద్రం ఇచ్చిన తీరప్రాంత నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) ప్రకటన అత్యంత కఠినమైన ఒకటి-ఏ విభాగంలో చేర్చింది. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక నిర్వహణ కమిటీ ఉండాలి. ఇవి రెండూ విలువైనవే. రిసార్టు కట్టకుండా, రోడ్డు వేయకుండా ఆపేది చట్టమే. కానీ ఇసుక మెట్ట ఈ ఏడు ఉన్నచోట వచ్చే ఏడు ఉండదు, పక్షి కూడా జరుగుతుంది. పటం మీద గీసిన గీత జరగదు. మన అమీన్‌పూర్ చెరువునే తీసుకోండి. 2016లో దేశంలోనే తొలిసారిగా ఒక నగర చెరువుకు జీవవైవిధ్య వారసత్వ స్థలమన్న గుర్తింపు దక్కింది. ఆ తర్వాత కూడా అందులోకి మురుగు చేరడం ఆగలేదు. గుర్తింపు పత్రం నీటిలోకి ఏం వచ్చి కలుస్తోందో చూడలేదు.

మన దగ్గర కాపలా సాధ్యమేనా అని సందేహించేవాళ్లకు నా సమాధానం ఆలివ్ రిడ్లే తాబేళ్లు. ఆంధ్ర తీరంలో ఆ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో మత్స్యకార గ్రామాల యువకులే రాత్రిళ్లు తీరం వెంట తిరిగి గూళ్లు వెతికి కాపాడుతున్నారు. ఆ పని చలికాలం చివరి నుంచి వేసవి మొదటి దాకా ఉంటుంది. ప్లోవర్లు, టెర్న్‌లు గుడ్లు పెట్టేది ఇంచుమించు అది ముగిసే వేళకే. అదే మనుషులను మరో మూడు నెలలు కొనసాగిస్తే చాలు. తీరం వాళ్లకు తెలుసు, వాళ్ల మాట ఊళ్లో చెల్లుతుంది. వలలు ఎక్కడ ఆరేయాలో ఈ వారానికి సర్దుకుందామని వాళ్లలో ఒకరు చెప్తే తోటివాళ్లు వింటారు, ఆఫీసరు వచ్చి చెప్తే వినరు. చంబల్ నది ఇసుక దిబ్బల మీద ఇండియన్ స్కిమ్మర్లు అనే నీటిపక్షుల గూళ్లకు నదీతీర గ్రామస్థులనే కాపలా పెట్టి బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ ఇదే దారిలో నడుస్తోంది. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. తాబేలు గుడ్లను తీసుకెళ్లి హేచరీలో పాతిపెట్టవచ్చు. పక్షి గుడ్డును తల్లే పొదగాలి, తాకకూడదు. శిక్షణలో మొదట చెప్పాల్సింది అదే.

దక్షిణ భారతం, శ్రీలంక తీరాల్లో పొదిగే ప్లోవర్‌ను 2023లో శాస్త్రవేత్తలు ప్రత్యేక జాతిగా గుర్తించి హనుమాన్ ప్లోవర్ అని పిలుస్తున్నారు. అరచేతిలో ఇమిడే పిట్ట. ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి మన ప్రాంతపు తీరాల మీద గుడ్లు పెడుతోందంటే, ఇక్కడి పంచాయతీలకు ఈ పని ఐచ్ఛికం కాదు.

బీచ్ మూసివేతే మేలని నేను కూడా ఒప్పుకునే సందర్భం ఒకటుంది. టెర్న్‌లు గుంపుగా, పదుల గూళ్లు ఒకేచోట పెడతాయి. పిల్లలకు తల్లిదండ్రులు చేపలు తెచ్చి పెడతాయి కాబట్టి అవి ప్లోవర్ పిల్లలంత దూరం తిరగవు. అలాంటి ఇసుక దిబ్బ, ముఖ్యంగా నదీముఖంలో జనం పెద్దగా వాడనిది, కనిపిస్తే పిల్లలు ఎగిరేదాకా దాన్ని పూర్తిగా మూసేయడమే సరైన పని. అక్కడ కూడా పడవలు దిగకుండా చూడడానికి ఇద్దరు మనుషులు కావాలి. విడివిడిగా గూళ్లు పెట్టే ప్లోవర్ల తీరానికి మాత్రం, పంచాయతీ దగ్గర ఒక్క పనికి సరిపడా డబ్బే ఉంటే, దాన్ని ఇద్దరు కాపలాదారుల మూడు నెలల జీతానికి ఖర్చు పెట్టమంటాను. తాడు, కర్రలు మనలాంటివాళ్లం చందాలు వేసుకుని కొనివ్వగలం. ఈ వేసవికి ఎవరైనా ముందుకొచ్చే పంచాయతీ ఉంటే మా ఆదివారం బృందం ఆ సామాను పంపడానికి సిద్ధంగా ఉంది.